కొయ్య చట్రంలో ఫొటో

అమెరికాలోని సేలంలో ఒకప్పుడు మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్ళను ఉరితీశారు. ఎనభైల్లో మేం డెట్రాయిట్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేసరికి, అక్కడ చీపురు మీద ఎగిరే ముసలమ్మ బొమ్మలు అమ్ముకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

వీధిలో మెడకీ చేతులకీ కంతలున్న కొయ్య చట్రం ఒకటి పెట్టారు. ఆ రోజుల్లో మనుషులను అలాంటి దాంట్లో బిగించి ఊరంతా చూసేలా నిలబెట్టేవారట. మా ఆయన నన్ను అందులో నిలబెట్టి కెమెరా తీశారు.

"జర నవ్వు. పండ్లు కనపడాలె."

నా చిన్నప్పుడు మెదక్‌లో, మా వీధిలోనే, మేం పెద్దమ్మా అని పిలిచే ఒకామె బాణామతి చేస్తుందన్నారు. స్తంభానికి కట్టేసి, ఇక మంత్రం పలకకూడదని పళ్ళన్నీ ఊడబీకారు. ఆ తర్వాత కూడా మా అమ్మ సకినాలు చుట్టడానికి ఆమెనే పిలిచేది. ఆమె తన వాటా సకినాన్ని చాయలో వేసి, అది నానేదాకా చూస్తూ కూర్చునేది.

ఫొటో కడిగించాక మా ఆయన విసుక్కున్నారు.

"మూతి గట్ల బిగవట్టినవేంది?"

ఆ కంతలో మెడ ఉన్నంతసేపూ, మూసిన నోట్లో, నాలుకతో నా పళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాను.