భయమెరిగిన మనిషి

మా మేనమామ నడుపుతున్న పరీక్ష విమానం కూలిపోయిందని మంగళవారం పొద్దున్న ఫోన్ వచ్చింది. ఆయన ఇక లేరు. గురువారం పేపర్లో, పేరు చెప్పని అధికారి ఒకాయన, పైలట్ అతి సాహసమే కారణం కావచ్చన్నాడు. శనివారం కొత్తపేట సెంటర్లో మనవాళ్లే పెద్ద ఫ్లెక్సీ కట్టారు: "భయమెరుగని వీరుడికి జోహార్లు". ఈ రెండింట్లో ఏది చూసి నాకు ఎక్కువ ఒళ్లు మండిందో చెప్పలేను.

మావయ్యకి భయం తెలియదా? అంత భయస్తుణ్ణి నేను చూడలేదు. ఆయన చాలా ఏళ్లు యుద్ధవిమానాలు నడిపి, ఆ తర్వాత ఈ పరీక్షల పనిలోకి మారారు. కొత్తగా తయారైన విమానాన్ని మొదట తనే ఎగరేసి, దిగి, అందులోని తప్పులు రాసివ్వాలి. దిగాక మంచినీళ్లైనా తాగకుండా రాసేవారట. "కాసేపాగితే మనసు మెత్తబడిపోద్దమ్మా, ఫర్వాలేదని రాసేస్తాం" అనేవారు. ఇంట్లోనూ అంతే. పులుసెలా ఉందని అత్తయ్య అడిగితే, "ఉప్పు ఓ రవ్వ ఎక్కువ, ముక్క ఉడకలేదు" అని వరసగా అప్పజెప్పేవారు. అత్తయ్య గరిటె విసిరేది.

సెలవుకొస్తే గోదారి మధ్య లంకలో ఉన్న మా కొబ్బరితోటకి పడవమీద వెళ్లేవాళ్లం. ఎక్కే ముందు మావయ్య పడవ చుట్టూ తిరిగి ఒక్కో చెక్కా తట్టి చూసేవారు.

"విమానాలు నడిపే బాబుగారికి పడవంటే భయవాండీ?" అని పడవ నడిపే పెద్దాయన నవ్వేవాడు.

"ఆయ్, భయవేనండీ. అది ఉండబట్టే ఇంటికొస్తున్నాను."

కిందటి సెలవులో తోటలో కూర్చుని నాతో చెప్పారు. కొత్త విమానం తోక వణుకుతోందని మూడుసార్లు రాసిచ్చారట. పైవాళ్లేమో సరిచేశాం, మళ్లీ ఎగరమన్నారట. నమ్మకం లేనప్పుడు ఎక్కనని చెప్పెయ్యండి మావయ్యా, అన్నాను.

"నేను కాదంటే ఇంకోణ్ణి ఎక్కిస్తారమ్మా. వాడికి ఆ వణుకు తెలీదు."

ఆ మూడు కాగితాలూ ఏవి? అడిగితే రహస్యం అంటున్నారు. పోయినవాడి మీద నింద వెయ్యడానికి మాత్రం ఏ రహస్యమూ అడ్డురాలేదు. ఫ్లెక్సీ కట్టినవాళ్లారా, మీరు ప్రేమతోనే కట్టారు, నాకు తెలుసు. కానీ వాళ్లు ఆయన మీద మోపిన నేరాన్నే మీరు రంగుల్లో అచ్చేయించారు. దయచేసి దాన్ని దింపెయ్యండి.

పదోరోజున అస్థికలు గోదాట్లో కలపడానికి, లంకకి పడవెక్కే అదే రేవుకి వెళ్లాం. వర్జ్యం వచ్చేస్తోందని పంతులుగారు తొందరపెడుతున్నారు. పడవ పెద్దాయన మమ్మల్ని ఎక్కనివ్వలేదు. మోకాళ్లలోతు నీళ్లలో చుట్టూ తిరుగుతూ ఒక్కో చెక్కా తట్టి చూస్తున్నాడు.

"ఆగండి. బాబుగారు ఎక్కుతున్నారు కదండీ," అన్నాడు తలెత్తకుండా.