రత్నకుమారి టీచర్ ఎంచుకున్న ప్రాసెసర్

రత్నకుమారి టీచర్ ఇక లేరు. బేగంపేటలోని తమ ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో, మధ్యాహ్నపు వేళ కన్నుమూశారు. ఊపిరితిత్తులు నానాటికీ గట్టిపడిపోయే వ్యాధి ఆమెను చాలాకాలంగా హరిస్తూ వస్తోందని తెలిసినదాన్నే. అయినా ఆ మాట ఫోనులో చెవిన పడగానే ఆఫీసు మెట్ల మీద నుంచే వెనక్కి తిరిగాను. బడిలో నాకు భూగోళం బోధించిన గురువు, ఆ తర్వాత పక్కవాటాలో నివసించిన ఆత్మీయురాలు. మరణం అనివార్యమని బుద్ధికి తెలుసు. మనసు మాత్రం ఆ పాఠం ఏనాడూ చదవలేదు.

శోకాన్ని రాయాలనే కూర్చున్నాను. కలంలోకి ముందుగా రోత వచ్చి నిలిచింది. చర్చిలో జరిగిన సంస్మరణ ఆరాధనలో ఆమె మేనల్లుడు సునీల్ మైకు పట్టుకుని, "మా అత్తయ్య చివరి రోజులన్నీ ప్రార్థనలోనే గడిపింది. కాలక్షేపానికి నేనొక కంప్యూటర్ సెట్ చేసిచ్చాను. ప్రాసెసర్లూ గీసెసర్లూ ఆమెకేం తెలుసు పాపం, అన్నీ నేనే చూసి పెట్టాను" అన్నాడు. సభ యావత్తూ ఆర్ద్రంగా తలలూపింది. ఆమె ప్రార్థనాపరురాలన్నది సత్యం. ప్రార్థన ముగించి, కళ్ళజోడు తుడుచుకుని, కంప్యూటరులో విమానం నడిపేవారన్నది కూడా అంతే సత్యం. ఇక ఆ ప్రాసెసర్ సంగతి. ఆ అబద్ధాన్ని పూలదండతో పాటు ఆమె మెడలో వేలాడనివ్వడం నావల్ల కాదు.

అసత్యం పట్ల ఆమెకున్న ఏవగింపు శారీరకమైనది, కుళ్ళిన పండు వాసన తగిలినట్టు మొహం చిట్లించేవారు. ఒకసారి మా బడికి తనిఖీ అధికారులు వస్తున్నారని హెడ్మిస్ట్రెస్ గారు ఎక్కడినుంచో కొత్త ప్రపంచపటం అరువు తెచ్చి మా గోడకు తగిలించమన్నారు. టీచర్ తగిలించలేదు. "పిల్లలకు లేని పటం ఆఫీసర్లకెందుకండీ? ఏడాదంతా వీళ్ళు చూసేది ఈ బోడిగోడే. వాళ్ళూ అదే చూసిపోనివ్వండి" అన్నారు. వచ్చిన అధికారి పటమేదని అడిగారు. లేదని ఆమె చెప్పారు. మరుసటి నెలలో మాకు పటం వచ్చింది.

వ్యాధి ముదిరి, గడప దాటవద్దని వైద్యులు శాసించాక ఆమె దృష్టి విమానాల మీదికి మళ్ళింది. పాత విమానాశ్రయం కిటకిటలాడిన రోజుల్లో బడి కప్పు మీదుగా విమానాలు పోతుంటే ఆమె పాఠం ఆపి పైకి చూసేవారు. "వాళ్ళకి మనం ఎలా కనిపిస్తామో చూడాలనుందే లతా" అన్నారు నాతో. అచ్చమైన భూమినీ మేఘాలనూ చూపిస్తూ విమానం నడిపించే ఆట ఒకటి ఉందనీ, దాన్ని ఆడాలంటే మామూలు కంప్యూటర్ చాలదనీ ఆమే తెలుసుకున్నారు. విడిభాగాలు తెచ్చి బిగించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం దానికి మెదడు వంటి ప్రాసెసర్. ఒకే బోర్డులో ఇమిడే ప్రాసెసర్లు రెండింటి దగ్గర ఆమె పరిశోధన ఆగింది. ఒకదానిలో కోర్లు, అంటే పనిచేసే చేతులు, ఎక్కువ. రెండోదానిలో చేతులు తక్కువే కానీ, కాష్ అని వాటి పక్కనే ఉండే జ్ఞాపకశాల చాలా పెద్దది.

"ఎక్కువున్నదే మంచిది గద టీచర్?" అన్నాను.

"ఎందుకు మంచిదే? వంటింట్లో గుంపుగా వంటవాళ్ళున్నారనుకో. ప్రతి పచ్చిమిరపకాయకీ బోయిన్‌పల్లి మార్కెట్‌కి పరిగెత్తాలంటే కూర ఎప్పటికవుతుంది? ఈ విమానం ఆటలో అసలు వంటంతా ఒకడే చేస్తాడు. మిగతావాళ్ళు చాలాసేపు చేతులు కట్టుకు నిలబడతారు. ఆ ఒక్కడికీ కూరగాయల బుట్ట పక్కనే ఉండాలి. నాకు రెండోదే కావాలి."

ఆ నిర్ణయం సునీల్‌కూ చెప్పారు. అతను విన్నాడు, తలూపాడు, వెళ్ళి మొదటిదే కొనుక్కొచ్చాడు. "అదే టాప్ మోడల్ అత్తయ్యా. నీకు తెలీదు, నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కదా" అంటూ డబ్బా ఆమె చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని, ఆమె ముఖం ఫోటోలో ఎలా ఉందో కూడా చూడకుండా స్టేటస్‌లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ప్రేమ పేరిట చెలామణీ అయ్యే ఈ అహంకారాన్ని మించిన జుగుప్సాకరమైన వస్తువు లోకంలో మరొకటి లేదు. టీచర్ ఆ డబ్బా సీలు విప్పలేదు.

మర్నాడు పొద్దున చిన్న ఆక్సిజన్ సిలిండర్‌తో సహా ఆటో ఎక్కారు. వద్దని బతిమాలాను. వినలేదు, నన్నూ ఎక్కించుకున్నారు. సునీల్ దాన్ని కొన్న, పార్క్‌లేన్ వైపు ఉన్న దుకాణం యజమాని ఆమెను దాటి నా మొహం చూశాడు. "మేడం, అమ్మగారికి ఏం గావాలె? సీరియల్స్ చూస్తందుకా?"

"నన్నడగండి బాబూ, నాకు చెవులు పనిచేస్తున్నాయి. ఇది మార్చి, పెద్ద కాష్ ఉన్నది ఇవ్వండి. విమానం నడపాలి."

అతను పకపకా నవ్వాడు. "గీ వయసుల గేములేందమ్మా! మీకాడున్నది అన్నిట్ల టాప్. వాపస్ గీపస్ నడవది."

"అన్నిటికీ పనికొచ్చే మందుందా బాబూ? ఉంటే ముందు నా దగ్గుకివ్వండి. సీలు విప్పని సరుకు మారుస్తామని మీ గోడ మీదే రాశారుగా."

"అది ఖరాబైతెనే అమ్మా." చెప్పి మొహం తిప్పుకున్నాడు.

టీచర్ అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు. ఇంతలో లాలాగూడ నుంచి ఒక యువతి, ఆమె తండ్రి వచ్చారు. యజమాని క్షణంలో తేనెలూరే గొంతు తెచ్చుకున్నాడు. "ఇది చూడుర్రి, గేమింగ్ ప్రాసెసర్. దీన్ని మించిన ఫాస్ట్ లేదు" అంటూ ఒక డబ్బా తీసి పెట్టాడు. అది టీచర్ కోరిన రెండోదే!

"ఏం పని చేస్తావమ్మా కంప్యూటర్‌తో?" టీచర్ అడిగారు.

"పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్త ఆంటీ. గేములు గిట్ల ఆడ."

"అయితే నా ఒళ్ళో ఉన్నదే నీది. ఎక్కువ చేతులు నీ పనికి కావాలి. ఆయన నీకు చూపిస్తున్నది నాది."

తండ్రి యజమాని వైపు తిరిగాడు. "ఏంది సేట్, నిజమేనా? జెర సక్కగ చెప్పరాదు?"

యజమాని రెండు డబ్బాలనూ తిప్పి చూశాడు. నిజమేనని చివరికి ఒప్పుకోక తప్పలేదు. రెండు డబ్బాలూ చేతులు మారాయి. అతనికి పోయిందేమీ లేదు. ఇద్దరికీ తప్పుడు సరుకు అంటగట్టబోయినందుకు సిగ్గూ లేదు. "ఏదైతేందమ్మా, రెండూ అమ్ముడువోయినయ్ గద" అని ఇకిలించాడు. టీచర్ అతని కేసి చూసి, "ఛీ" అన్నారు. అంతే. అంత క్లుప్తమైన, అంత సమగ్రమైన విమర్శను నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

తన కానుక మార్చిందని సునీల్ అలిగాడు, బిగించడానికి రాలేదు; టీచరూ నేనూ కలిసి బిగించుకున్నాం. అతను మళ్ళీ ఆమెకు కనిపించింది ఆమెను ఆసుపత్రిలో చేర్చిన రోజు సాయంత్రమే. అక్కడా డాక్టరుతో, "వెంటిలేటర్ పెట్టేయండి సర్, ఉన్నవాటిల్లో పెద్ద మెషినే పెట్టండి" అన్నాడు, ఆమె పక్కనే నిలబడి, ఆమెను అడక్కుండా. డాక్టరు ఆమె కేసి వంగి, "భయపడకండమ్మా, అంతా సర్దుకుంటుంది" అన్నారు.

ఆమె మాస్కు పక్కకు లాగారు. "డాక్టరు గారూ, ఆ మెషిను పెడితే నేను మళ్ళీ కుర్చీలో కూర్చుంటానా?"

ఆయన స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. "కష్టమమ్మా. కూర్చోలేరనే అనుకుంటున్నా."

"థాంక్సండీ. ఇప్పుడు నిజం చెప్పారు. నన్ను ఇంటికి పంపండి."

సునీల్ ఏదో అనబోయాడు. డాక్టరు చెయ్యెత్తి వారించారు. ఆ మనిషికి నా నమస్కారం.

ఇంటికి వచ్చిన మర్నాడు కాస్త తేరుకున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే, తెర మీద బేగంపేట రన్‌వే నుంచి లేచారు. హుస్సేన్‌సాగర్ మీదుగా మళ్ళి, లాలాగూడ రైలు వర్క్‌షాపుల పైనుంచి సాగారు. దృశ్యం ఎక్కడా తొట్రుపడలేదు.

"అదిగోనే మనిల్లు."

"మనిల్లు గట్ల లేదు టీచర్. ఏదో బూడిదరంగు డబ్బా లెక్కుంది."

"పైవాళ్ళకి అలాగే కనిపిస్తామన్నమాట" అని సంబరంగా నవ్వారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. విమానం నడిపే స్టిక్కు నా వైపు తోశారు. "నువ్వు దింపు."

"నాకు రాదు టీచర్!"

"ఎవరికి వచ్చిందే పుట్టగానే? పట్టుకో. నేను చెబుతాగా."

ఆమె చెబుతూ పోయారు. మెల్లగా, ఊపిరి తీసుకుంటూ, విమానం ముక్కు కొద్దిగా ఎత్తమని, తొందరపడవద్దని. విమానం రన్‌వే మీద ఒకసారి ఎగిరిపడి, పక్కకు ఒరిగి, గడ్డిలోకి పోయి ఆగింది. బాగానే దింపానా అన్నట్టు ఆమె కేసి చూశాను.

"ఘోరంగా దింపావు" అన్నారు టీచర్, నా చేయి వదలకుండా. "అయినా దిగాం. రేపు ఇంకోసారి."

ఆ రేపటి మధ్యాహ్నమే ఆమె వెళ్ళిపోయారు. గురువర్యా, మీ పాదాలకు శతసహస్ర ప్రణామాలు. ఓదార్చేవాళ్ళు నాకు ఎందరో ఉన్నారు, ఈ వారమంతా వస్తూనే ఉన్నారు. ముక్కు ఎప్పుడు ఎత్తాలో చెప్పేవాళ్ళే ఇక లేరు.