మింగని మాత్రలు

మా లంకలో పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పిల్ల మొహం కన్నా ముందు పాదాలు చూసేవారు. కాళ్ళు కడుక్కుని రమ్మనే వంకతో నీళ్ళు పోయించి, మడమ దగ్గర వాపుందేమో వంగి మరీ చూసేవారు. గోదావరి పాయల మధ్య ఊరు. చుట్టూ నీళ్ళు, ఇళ్ళ నిండా దోమలు. చాలా ఇళ్ళలో ఎవరికో ఒకరికి బోదకాలు ఉండేది. ఉన్నవాళ్ళని దాచడం కూడా ఉండేది.

మా ఇంట్లో దాచిన మనిషి మా మేనత్త. భర్త పోయాక పుట్టింటికొచ్చేసింది. కుడికాలు మోకాలి కింద నుంచి లావెక్కి, చర్మం గరుకు తేలి ఉండేది. చుట్టాలొస్తే అమ్మ ఆవిణ్ణి పెరటి వసారాలో పీట మీద కూర్చోబెట్టి, కాలి మీద పాత దుప్పటి కప్పేది. ఆవిడ నడకని నేను అనుకరిస్తే అక్క పడీపడీ నవ్వేది. అమ్మ కూడా నవ్వేది. మేం మంచివాళ్ళమని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

రెండువేల సంవత్సరం తర్వాత ఏటా ఒకసారి నర్సమ్మ రేవులో పంటు పడవ దిగి బోదకాలు మాత్రలు తెచ్చేది. ఒంట్లో పురుగున్నవాళ్ళకి మింగాక జ్వరం రావచ్చని, అది మందు పనిచేస్తున్నట్టేనని చెప్పేది. మా ఊరు మొదటి ముక్కే వింది. మా వీధిలో ఒక పిల్లకి మాత్రలు మింగిన మర్నాడు ఒళ్ళు కాలిపోతే, ఖాయమైన సంబంధం వారంలో చెడింది. అప్పట్నుంచి పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళలో వాటిని మింగించడం మానేశారు.

ఆ ఏడు అక్కకి అమలాపురం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పిన్ని మాకు రెండిళ్ళ అవతలే ఉండేది. నర్సమ్మ గుమ్మంలోకి రాగానే అమ్మ ఎదురెళ్ళింది.

"పిల్లలింకా అన్నం తినలేదండి. పరగడుపున వెయ్యకూడదన్నారు కదండీ."

"నా ఎదురుగానే మింగాలండి."

"తినగానే నేను మింగించేస్తానండి. మీకు పంటు దాటిపోద్దేమో చూసుకోండి."

నర్సమ్మ రేవుకేసి చూసింది. "ఆయ్, మర్చిపోకండేం" అని, రెండు పొట్లాలు అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అమ్మ వాటిని పెరట్లో పెంటపోగు మీదకి విసిరేసింది. అత్తయ్య కాలీడ్చుకుంటూ వెళ్ళి ఏరి తెచ్చింది. నన్ను పిలిచి, నా అన్నం అయిందని తెలుసుకుని, నా మాత్రలు అక్కడే మింగించి బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

"ఇయ్యి మీ అక్కకియ్యవే, అమ్మకి తెలీకుండా. నా కాలు చూసేవుగా. దానికిది వద్దే."

నేను ఆ పొట్లం తిన్నగా తీసుకెళ్ళి అమ్మకిచ్చాను. పెళ్ళికి నాకు పట్టు పరికిణీ కుట్టిస్తానంది అమ్మ. పెళ్ళి చెడితే పరికిణీ రాదు. అంతకంటే వేరే కారణం లేదు. నావి మింగేశానని మాత్రం చెప్పలేదు.

అమ్మ పొట్లాన్ని ఈసారి పొయ్యిలో పడేసింది. "మీకు పట్టిన గతి చాల్లేదా వదినగారూ? నా కూతురికి జొరం రప్పించి పెళ్ళి చెడగొడదావనా?" అని కేకలేసింది. ఆ పూట అత్తయ్యకి కంచం పెట్టలేదు. నాన్న ఎందుకని అడగలేదు. నేను కడుపు నిండా తిన్నాను.

నాకు జ్వరం రాలేదు. అక్క పెళ్ళి ఘనంగా జరిగింది. అత్తయ్య వసారాలో కూర్చుని మేళం విన్నది. రెండేళ్ళకి పోయింది.

అక్క అత్తవారింట్లోనూ మాత్రలు మింగలేదు. అమ్మ నేర్పిన విద్య. పెళ్ళైన నాలుగో ఏట ఎడమ కాలికి పట్టీ పట్టలేదు, తర్వాత చెప్పు పట్టలేదు. వాళ్ళ అత్తగారు వెంటబెట్టుకొచ్చి, "కొన్నాళ్ళు మీ దగ్గరుంచుకోండి" అని, కాఫీ అయినా తాగకుండా పంటెక్కింది. మళ్ళీ ఎవరూ రాలేదు. ఆ రోజు మింగుంటే కాలు దక్కేదా అని నేనింతవరకూ ఏ డాక్టర్నీ అడగలేదు. అడగాలంటే భయం.

నా పెళ్ళిచూపులనాడు అమ్మ అక్కని పెరటి వసారాలో, అత్తయ్య పీట మీద కూర్చోబెట్టి, అదే దుప్పటి కప్పింది. పెళ్ళివారొచ్చే ముందు పాదాలు తోముకుందామని నేను పెరట్లోకి వెళ్ళాను. అక్క నా మడమలకేసే చూస్తోంది.

"ఆ రోజు నీ మాత్రలు కూడా అమ్మ పారేసింది కదే?" అంది.

"పారేసిందక్కా" అన్నాను.

"అయితే నువ్వు అదృష్టవంతురాలివే" అంది అక్క. దుప్పటి పక్కకి తీసి, చెంబందుకుని, నా కాళ్ళ మీద నీళ్ళు తనే పోసింది.