ఇబ్రహీంపట్నంలో పిడుదుల వేట

ఉదయం ఆరున్నరకు మీర్‌పేట్‌లో బస్సెక్కాం. మా అక్క స్వరూప పశువైద్య పరిశోధకురాలు. పశువుల రక్తం తాగే పిడుదుల్లో కొత్త వైరస్‌లు ఉన్నాయేమో వెతకడం ఆమె పని. ఐసు డబ్బా మోయడం నా పని. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి అక్కకు జీరో టికెట్, నాకు ఫుల్ టికెట్. సైన్సులో నా స్థానం కండక్టరే తేల్చేశాడు.

"చేపలా బిడ్డా?" పక్క సీటు పెద్దాయన డబ్బా చూసి అడిగాడు.

"కాదు బాపూ, గోమార్లు."

పిడుదుల్ని ఇక్కడ అలాగే అంటారు. ఆయన వెనక సీటుకు మారాడు.

ఎనిమిదింటికి బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో యాదమ్మ ఇంటికి చేరాం. ఆమెకు నాలుగు బర్రెలు. పిడుదు కనబడితే పీకి గోళ్లతో చిదిమేస్తుంది. పోయిన నెల వారం రోజులు జ్వరంతో పడుకుంది. కొన్ని వైరస్‌లు పశువును ఏమీ చేయవు, చిదిమిన పిడుదు నుంచి మనిషికి అంటుకుంటాయి. అక్క భయం అదే.

తీరా చూస్తే బర్రెలు నిగనిగలాడుతున్నాయి. ఒక్క పిడుదూ లేదు.

"మేడమ్ వస్తున్నదని నిన్ననే మందు కొట్టి కడిగిన," అంది యాదమ్మ గర్వంగా.

"మేం వచ్చిందే గోమార్ల కోసం పెద్దమ్మా," అన్నాను.

"గది ముందుగాల చెప్పొద్దా!"

అక్క బర్రెల రక్తం తీసుకుంది. అందులో పాత జబ్బు జాడ తెలుస్తుందట. వైరస్ ఇప్పుడు తిరుగుతోందా అనేదానికి మాత్రం పిడుదులే కావాలి.

యాదమ్మ కొట్టం గోడ దగ్గర కూర్చుని, పగులుకు నోరు దగ్గరపెట్టి వెచ్చగా ఊదింది. నేను నవ్వబోయాను. పగులు కదిలింది. ముందు కాళ్లు, తర్వాత ఒళ్లు. ఒకటి, మూడు, పది. ముందు కాళ్లు గాల్లోకి లేపి, ఊపిరిని పసిగట్టి, ఆమె నోటి వైపే నడిచొచ్చాయి.

"ఎవరు నేర్పిన్రు?" చిన్న పట్టకారు లాంటి చిమటాతో ఒక్కొక్కటి సీసాలో వేస్తూ అడిగింది అక్క.

"ఎవలు నేర్పుతరు? కొట్టంల పండుకుంటే ఊపిరికే వస్తయ్." సీసా వైపు చూసి, "నా జరం గీటితోనేనా?" అంది, మెల్లగా.

"పరీక్ష చేసినంకనే తెలుస్తది. అందాక ఉత్త చేతులతోని చిదమకు. తొడుగులు వేసుకొని, చిమటాతో తీసి, మరిగే నీళ్లల్ల వెయ్."

"చిన్నప్పటిసంది చిదుముతున్న, ఏమైంది? మా ఆయన చెప్పినా ఇన్లే, నీ మాట ఇంటనా!"

అక్క చేతి తొడుగులు, చిమటా అరుగు మీద పెట్టి వచ్చేసింది.

రెండింటి బస్సులో తిరిగొస్తూ అక్క చెప్పింది: ఆ పిడుదుల్లో ఇంకా ఎవరూ పేరు పెట్టని వైరస్ ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. నేను ఆ మాటే ఆలోచిస్తుండగా అక్క ఫోన్ మోగింది. స్పీకర్‌లో యాదమ్మ.

"బిడ్డా, తొడుగులతోని పితుకపోతే బర్రె తన్నింది. పాలకు తీసేసిన. గోమార్లకైతే ఏసుకుంట, ఫికర్ జెయ్యకు."

ఇబ్రహీంపట్నంలో నేను చూసిన వింతలు రెండు. గోడ ఊపిరికి పలకడం మొదటిది. యాదమ్మ ఒకరి మాట వినడం రెండోది. మొదటిదాన్ని సైన్సు వివరించగలదు.