అట్రిషన్ అంటే అరుగుదలన్నాను
మా అమ్మ గుంటూరు శివార్లలోని పత్తిమిల్లులో పనిచేసేది. వినుకొండ వైపు నుంచి బళ్ల మీద వచ్చిన పత్తిని మరల్లో పోసి గింజ తీయడం ఆమె పని. నేను అప్పుడే మిషన్ బడిలో పంతులమ్మగా చేరాను. పేటలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నాకే చూపించేవారు. నాకది గర్వంగా ఉండేది.

ఒక వేసవిలో మిల్లు గేటుకి నోటీసు అంటించారు. కొత్త మరలు వస్తున్నాయి, ఎవరినీ తీసెయ్యం, సర్దుబాటు అంతా 'అట్రిషన్' ద్వారా జరుగుతుంది అని దాని సారాంశం.

"ఆ మాటేంటి పంతులమ్మా?" అన్నాడు పక్కింటాయన. ఆయనా మిల్లు మనిషే.

తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి బడిలో డిక్షనరీ తిరగేశాను. రాపిడి, రాసుకుని అరిగిపోవడం అని ఉంది. "పాత మరలు అరిగిపోయాయంట, మారుస్తారంట," అని చెప్పాను. అందరూ నిశ్చింతగా వెళ్లిపోయారు.

అమ్మ మాత్రం, "మరలు అరిగితే మిస్త్రీకి చెప్తారు గానీ గేటుకి కాగితం అంటిస్తారటే? మనం అడక్కముందే 'ఎవరినీ తీసెయ్యం' అని ఎందుకు చెప్పాలి?" అంది.

నీకన్నీ అనుమానాలేనని విసుక్కున్నాను గానీ, ఆ అనుమానం నాకూ అంటుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగాను.

"లాటిన్లో రుద్దడం అనే మాట నుంచి పుట్టిందమ్మా. యుద్ధంలో అయితే శత్రువుని కొద్దికొద్దిగా అరగదీయడం. పాత వేదాంతంలో ఇంకో అర్థముంది. దేవుడి మీద ప్రేమతో కాక, శిక్షకి భయపడి పడే పశ్చాత్తాపం."

"మరి మిల్లులో?"

"మానేసినవాళ్ల చోట, పోయినవాళ్ల చోట ఇంకొకరిని పెట్టకపోవడం."

తప్పు చెప్పానని ఒప్పుకోలేక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కుండా అమ్మకి జ్వరం వచ్చింది. ఎన్నడూ మా పేటకి రాని మేనేజరు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. "సెలవు కాగితం. వేలిముద్ర వెయ్యి చాలు," అన్నాడు. అమ్మ దాన్ని నా చేతికిచ్చింది. నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను అని ఉంది అందులో. పైకే చదివాను.

"నీ ఆరోగ్యం కోసమే చెప్తున్నా," అన్నాడతను.

"ఇన్నేళ్లూ లేని శ్రద్ధ ఇవాళెందుకొచ్చిందయ్యా? కాగితం తీసుకెళ్లండి. ఆ బత్తాయిలు కూడా," అంది అమ్మ.

అతను వెళ్లగానే నేను ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పాను. వాళ్ల కోసమే తిరిగానో, నా తప్పు బయటపడుతుందని భయపడి తిరిగానో ఇప్పటికీ చెప్పలేను. అప్పటికే పక్కింటాయన వేలిముద్ర వేసేశాడు. "అరుగుదలంటే మరలకే అనుకున్నానమ్మా," అన్నాడు. కోప్పడలేదు. మర్నాటి నుంచి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లాడు.

అమ్మ ఇద్దరి పని ఒక్కతే చేస్తూ ఇంకో నాలుగేళ్లు మిల్లులోనే ఉంది. ఆ రోజుల్లో మిల్లు కాగితం ఏదొచ్చినా ముందు నాతో చదివించుకునేది. తర్వాత మడిచి కొంగున ముడేసుకుని, పాస్టరుగారింటికి వెళ్లి ఇంకోసారి చదివించుకునేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.