రెండో నంబరు గదిలో ఇంటర్వ్యూ

ఉద్యోగం అడగడానికి ఎల్లినోణ్ణి గదిలో ఎట్టీసి, బయట్నుంచి తలుపుకి దండాలెట్టేరు బావా. మొన్న మంగళారం మాట. టీ తాగండి, సెప్తాను.

మీకు తెలిసిందే కదా, ముప్ఫయ్యేళ్లు కోల్డ్ స్టోరేజీ మెషీన్లు బాగుసేసిన ఫిట్టర్ని. మా కంపెనీ మూసీసిన కాడ్నుంచి ఎక్కడికి ఫోన్ సేసినా మొదటి ప్రశ్న ఒకటే, వయసెంత అని. యాభై తొమ్మిది అనగానే, మల్లీ మేమే సేత్తాం అని పెట్టీడం. అలాటిది ఎలమంచిలి నుంచి మా బావమరిది ఫోన్ సేసి, ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఫిట్టర్ కావాలంట, ఎల్లు బావా అన్నాడు.

పొద్దున్న తొమ్మిదికి ఎల్లేను. మేనేజరు కుర్రోడు, ముప్ఫై కూడా ఉండవు. మర్యాదగా కూకోబెట్టేడు. కాయితాలు తిరగేసేడు గానీ నా మొకం సూడ్డు. జుట్టు సూసేడు, మోకాళ్లు సూసేడు. సివరికి, "అంకుల్, మీ వయసోళ్లని ఆ సలిగదుల్లో పెట్టాలంటే మా పైవోళ్లు ఒప్పుకోరండి" అన్నాడు. అంటన్నప్పుడు ఎందుకో నడవా వైపు సూసేడు. ఇంతలో ఫోనొస్తే బయటికెల్లిపోయేడు.

నాను లేసి వొచ్చీబోతన్నాను. అప్పుడినబడింది, మూలుగు. అచ్చం మనిషి మూలుగే. నడవా సివర రెండో నంబరు గదిలోంచి. కాసేపు మూలిగి, ఆగి, మల్లీ మొదలు. రొయ్యలు ప్యాకింగ్ సేసే ఆడోళ్లంతా ఆ గదికి ఈపులెట్టి కూకున్నారు. ఒక్కరూ తలెత్తడం నేదు.

ముందు మనిషే అనుకున్నాను గానీ, ఫిట్టర్ సెవి కదా, ఫ్యాను రెక్క మంచుకి రాసుకుంటందని తెలిసిపోయింది. బాగుసేసి సూపిస్తే మనసు మార్సుకుంటాడేమో అని ఆశ. తలుపు పక్కన మేకుకి మందపాటి పాత కోటు ఏలాడతంది. ఏసుకున్నాను. నా కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది.

లోపలంతా తెల్లటి పొగ. నా సెయ్యి నాకే కనబడదు. ఫ్యాను ఆపి, మంచు గీకీసి, మల్లీ ఏసేను. మూలుగు పోనాది. పోనాక ఆ గది ఇంకా బయంగా ఉంది. సేతి ఏళ్లు ఎచ్చబెట్టుకుందామని కోటు జేబులో సెయ్యెట్టేను. బీపీ మాత్రల షీటు తగిలింది. రోజూ నాను ఏసుకునే మాత్రలే. రెండే మిగిలున్నాయి. ఇంతకీ ఈ కోటు మనిషి ఎక్కడికెల్లేడు?

మూలుగు ఆగిందేటని కాబోలు, ప్యాకింగ్ ఆవిడొకామె తలుపు తీసింది. పొగలో నాను, మీసాల నిండా మంచు. "తలుపెయ్యమ్మా, సల్లదనం పోతంది" అన్నాను. దబాలున తలుపేసి బయట గడియెట్టీసింది. లోపల్నుంచి తీసే పిడి మంచుకి బిగుసుకుపోయుంది.

బాదేను. ఎవరూ తియ్యరు. తలుపుకి సెవి ఆనిస్తే ఆవిడ ఏడుపు ఇనబడింది. మన పాత ఫిట్టర్ అప్పన్న బాబాయే వొచ్చేడు, అదే కోటు, రోజూ అనే మాటే అన్నాడు అంటంది. తర్వాత మేనేజరు గొంతు, తలుపుకి బాగా దగ్గర్నుంచి.

"బాబాయ్, నిన్ను మానిపించమన్నది పైవోళ్లు. వయసైపోయింది, పనికిరాడు అని కాయితమ్మీద రాసింది మాత్రం నానే. నువ్వు పని బాగానే సేసేవోడివి. ఇంటికెల్లిన నెలకే పోతావని నాకు తెల్దు."

అప్పుడైనా నాను సత్యారావునండీ, తలుపు తియ్యండి అనాలి కదా. మనకి బుద్ధుంటే కదా అనడానికి. "అయితే పొద్దున్న వొచ్చిన సత్యారావుని పన్లో ఎట్టుకో, సిన్నా" అన్నాను. సలికి గొంతు పూడుకుపోయి, ఆ మాట నా నోట్లోంచి వొచ్చినట్టే నేదు. పక్కన నిలబడి ఎవరో అన్నట్టుంది. నానే ఎనక్కి తిరిగి సూసుకున్నాను.

అప్పుడు గడియ తీసేరు. ఆడోళ్లంతా సేతులు జోడించి నిలబడున్నారు. మేనేజరు నా సెయ్యి పట్టుకుని, సల్లగా తగిలీసరికి వదిలీసి, మల్లీ పట్టుకున్నాడు. కుర్సీలో కూకోబెట్టి టీ ఇచ్చి సిన్నగా అడిగేడు, "అంకుల్, నన్ను సిన్నా అని ఆయనొక్కడే పిలిసేవోడు. మీకెవరు సెప్పేరు?"

నాను కుర్రోళ్లందర్నీ అలాగే పిలుస్తాను. ఆ మాట సెప్పకుండానే టీ తాగీసి లేసేను. కోటు ఇప్పి మేకుకి తగిలించి వొచ్చీసేను.

సాయంత్రం అతనే ఫోన్ సేసేడు. పైవోళ్లతో గట్టిగా మాటాడి, వయసు అడ్డం కాదని ఒప్పించేడంట. గానీ ప్యాకింగ్ ఆడోళ్లు, అప్పన్న బాబాయే ఆయన్లో వొచ్చేడు, ఆయనొస్తే మేం రామని కూకున్నారంట.

ఇంటర్వ్యూ ఏటయ్యింది అని మా ఆవిడ అడిగింది. ఏటి సెప్పను. "ఇన్నాళ్లూ ముసిలోణ్ణని వొద్దన్నారే, ఈపాలి సచ్చిపోయినోణ్ణని వొద్దన్నారు" అన్నాను.