అబ్బులు బెంగ

డిగ్రీ చదివే ఆ రోజుల్లో, ఎదుటివాళ్ళ దుఃఖం కనిపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఎవరైనా కాస్త మౌనంగా కూర్చుంటే చాలు, పక్కన చేరి మనసులో మాట బయటికి లాగేదాకా వదిలేదాన్ని కాదు (వాళ్ళలో చాలామంది నిద్రొచ్చి అలా కూర్చునేవారని తరవాత తెలిసింది). అందుకే, బండారులంకలో మా పెదనాన్నగారు పోయాక పెద్దమ్మ దగ్గర ఎవరైనా ఉంటే బాగుంటుందని ఇంట్లో అనుకుంటున్నప్పుడు, నన్నెవరూ అడక్కుండానే బట్టలు సర్దేసుకున్నాను. నా కాలేజీ ఎలాగూ పక్కనే, అమలాపురంలో. పెద్దమ్మకి పిల్లల్లేరు. ఇంట్లో ఆవిడ కాకుండా ఉన్నది అబ్బులొక్కడే. అబ్బులంటే కుక్క.

పెదనాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. మనుషుల మీద అయినదానికీ కానిదానికీ కస్సుమనే ఆయన అబ్బులుతో మాత్రం గొంతు తగ్గించి మాట్లాడేవారు. చెట్ల నుంచి కాయలు దింపు తీసే రోజున తోటకి వెళ్ళినా, సాయంత్రం టీ కొట్టుకి వెళ్ళినా వెనకాల అబ్బులు ఉండాల్సిందే. ఆయన పోయాక అబ్బులు గేటు దాటడం మానేశాడు. హాల్లో టైల్స్ మీద, ఆయన పడక్కుర్చీ పక్కన పడి ఉండేవాడు. కొన్నాళ్ళకి కుంటడం మొదలుపెట్టాడు. రెండడుగులు వేసేవాడు, ముందుకాలు పైకెత్తి మా వంక చూసేవాడు, మళ్ళీ కుర్చీ పక్కనే కూలబడేవాడు.

పెద్దకర్మ దాకా ఆ ఇంటినిండా జనమే. ఆ తరవాత ఎవరి పనులు వాళ్ళవి. పెద్దమ్మ ఆయన పేరెత్తితే చుట్టాలు "ఊరుకోండి, ఎన్నాళ్ళని ఏడుస్తారు" అని మాట మార్చేసేవారు. దాంతో ఆయన కోసం ఇంకా బాధపడేది తనూ అబ్బులూ ఇద్దరమేనని ఆవిడ తీర్మానించుకుంది. "చూసేవటే, నోరులేనోడు. వీడికున్నపాటి ప్రేమ తోడబుట్టినోళ్ళకి లేకపోయింది" అనేది. పెరుగన్నం కలిపి వాడి ముందు పెట్టి, వాడు తింటే తనూ తినేది. వాడు తినకపోతే ఇద్దరూ పస్తే.

ఇంత దుఃఖం కళ్ళెదుట ఉంటే నేను ఊరుకుంటానా? అబ్బుల్ని వీడియో తీసి, వెనకాల ఏడుపుగొట్టు వేణువు పెట్టి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో వేశాను. పెద్దమ్మ ఎలా ఉందని ఒక్కసారైనా అడగనివాళ్ళు కూడా ఫోన్లు చేసి "అబ్బులు ఎలా ఉన్నాడు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎదురింటి పిన్నిగారు తనింటికొచ్చిన చుట్టాలందర్నీ తీసుకొచ్చి చూపించేది. "ఏటిసూతకం పట్టేడండీ పాపం. ఆయ్! మనుషులేం పడతారండీ ఇలాగ?" అనేది. వాడు అస్తమానం ఆ ముందుకాలే నాక్కునేవాడు. పెదనాన్నగారి చెయ్యి గుర్తొచ్చి నాకుతున్నాడని వచ్చినవాళ్ళకి వ్యాఖ్యానం చెప్పేదాన్ని నేను. (విని తలలూపారు గదా, వాళ్ళని కూడా అనాలి.)

చివరికి అబ్బులు ముద్ద ముట్టడం మానేశాడు. పెద్దమ్మ కూడా మానేసింది. "ఆయన దగ్గరికే పోతాడే వీడు. పోనీ, నన్నూ తీసికెళ్తాడు" అంది ఒకరోజు, చాలా మామూలుగా. నాకు భయమేసింది. వెంటనే ఆటో పిలిచి అబ్బుల్ని ఒళ్ళో పెట్టుకుని అమలాపురంలో పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏవిటమ్మా ఇబ్బంది?" అన్నారాయన.

"బెంగండీ."

"ఎవరికీ?"

"వీడికేనండీ. మా పెదనాన్నగారు పోయేరండీ."

ఆయన నన్ను ఓసారి చూసి, అబ్బులు ముందుకాలు పట్టుకుని బొచ్చు పక్కకి తీశారు. "ఇదిగోనమ్మా మీ బెంగ" అన్నారు. పాదానికి కాస్త పైగా, పక్కన ఉండే గోరు కొక్కెంలా గుండ్రంగా తిరిగి కండలోకి దిగిపోయింది. చుట్టూ చీము. మిగతా గోళ్ళు కూడా పాదం సరిగా ఆననివ్వనంతగా పెరిగిపోయాయి. రోడ్డు మీద తిరిగే కుక్కకి గోళ్ళు కొంత అరుగుతాయనీ, టైల్స్ మీద పడుకునేదానికి అరగవనీ, ఈ పక్కగోరు నేలకి తగలదు గనక ఎవరో ఒకరు తియ్యాల్సిందేననీ చెప్పారు. ముసలి పిల్లులకి కూడా ఇదే బాధట. గోరు లోపల గులాబీరంగు గీత కనిపిస్తుందనీ, అందులో నెత్తురుంటుంది గనక అక్కడిదాకా పోకుండా కొసలు మాత్రమే తియ్యాలనీ వాడి గోళ్ళు తీస్తూనే చూపించారు.

"ఇన్నాళ్ళూ ఎవరు తీసేవోరు?"

"కుక్కకి గోళ్ళు తియ్యాలనే మాకు తెలీదండీ."

"ఎవరో తీసేవోరమ్మా. లేకపోతే ఇన్నేళ్ళు బాగుండేది కాదు."

ఆ మాట నా బుర్రకెక్కలేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలన్నదే నా గొడవ. వీధి మొదట్లో ఆటో దిగేసరికి అబ్బులు, ఒక కాలికి కట్టుతో, నాలుగు కాళ్ళ మీదా నిలబడి తోకూపుతున్నాడు. దుఃఖంలో పెద్దమ్మకి మిగిలిన ఒక్క తోడూ ఈ ఊగే తోకతో పోతుందని తోచి, నడిరోడ్డు మీద వాడి ముందు కూర్చుని బతిమాలాను. "అబ్బులూ, మా నాయనవి గదూ, గేటు దాకా కాస్త కుంటరా" అన్నాను. వాడు నన్ను లాక్కుంటూ వెళ్ళాడు.

అరుగు మీద పెద్దమ్మ, పక్కన ఎదురింటి పిన్నిగారు, చూడ్డానికొచ్చిన చుట్టాలు. అబ్బులు తిన్నగా వెళ్ళి వాళ్ళు తెచ్చిన బిస్కెట్ల పొట్లం లాక్కుని తినేశాడు.

"ఇదేవిటండీ, అప్పుడే మర్చిపోయేడా?" అంది పిన్నిగారు.

పెద్దమ్మ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. పెదనాన్నగారు పోయిన రోజున కూడా అంత ఒంటరిగా కనిపించలేదు ఆవిడ. అందరూ వెళ్ళాక, "డాక్టరుగారేవన్నారే?" అని అడిగింది.

"బెంగ కాదు పెద్దమ్మా. గోరు."

"గోరా?" అంది. లేచి లోపలికెళ్ళింది. చాలాసేపటికి పెదనాన్నగారు గెడ్డం గీసుకునే సామాన్ల పెట్టె పట్టుకుని బయటికొచ్చి, అందులోంచి పొట్టి కత్తెర ఒకటి తీసింది. అది చూడగానే అబ్బులు వచ్చి ఆవిడ ముందు పక్కకి ఒరిగి పడుకుని, కాలు చాపాడు.

"బుధవారం బుధవారం పెరట్లో గోళ్ళు తీసుకునేవోరు. వీడ్నీ పక్కన కూచోబెట్టుకునేవోరు" అంది పెద్దమ్మ మెల్లిగా. "గోళ్ళు ఇంట్లో పడనీకండని వంటింట్లోంచి కేకేసేదాన్ని గానీ, ఎప్పుడూ వచ్చి చూళ్ళేదే." నా వంక చూసింది. "మరి ఆయన లేకేగదే వీడు కుంటింది?"

అవునన్నాను. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయాక మొదటిసారి గొంతెత్తి. ఆ ఏడుపుతోనే, డాక్టరుగారు వదిలేసిన కొస ఒకటి కనిపిస్తే దాన్ని తీసింది.

ఇప్పుడు నా దగ్గర ఓ పిల్లి ఉంది. బుధవారాలు దానికి గోళ్ళు తీస్తాను, నా చేతులనిండా గీతలే. పెద్దమ్మా లేదు, అబ్బులూ లేడు. నా వేణువు వీడియో మాత్రం ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు గ్రూపులో వేస్తారు, అందరూ దణ్ణాల బొమ్మలు పెడతారు. అయినదానికల్లా ఫోనెత్తి వీడియో తీసే అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. పెద్దమ్మ కత్తెర పట్టిన ఆ సాయంత్రపు ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. అప్పుడు నా రెండు చేతులతోనూ అబ్బులు కాలు పట్టుకుని ఉన్నాను.